తలమీద ఉంటే చాలదు

హెల్మెట్ లోపల చెంపలకు ఆనే మెత్తను వేళ్లతో కాస్త పక్కకు జరిపి చూడండి. గోరుతో నొక్కితే గుంట పడే తేలికపాటి పదార్థం ఒకటి కనిపిస్తుంది. కొత్త టీవీ అట్టపెట్టెలో నాలుగు మూలలా పెట్టి పంపించేదీ, పెళ్లి వేదిక మీద వధూవరుల పేర్లు కత్తిరించి అతికించేదీ అదే: థర్మాకోల్. హెల్మెట్ కోసం కాస్త చిక్కగా అచ్చుపోస్తారు, అంతే తేడా. పదివేలు పెట్టి కొన్నా వెయ్యి పెట్టి కొన్నా, కింద పడ్డప్పుడు మెదడును కాపాడే పనిలో పెద్ద వాటా అంగుళం మందాన ఉండే ఈ థర్మాకోల్‌దే. పైన నిగనిగలాడే డిప్ప పని వేరు. దెబ్బ ఒక్కచోటే దిగకుండా అది చుట్టూ పరుస్తుంది. మొనదేలిన రాయి లోపలికి రాకుండా ఆపుతుంది. గరుకు రోడ్డు మీద తల ఎక్కడా పట్టుకోకుండా జారనిస్తుంది. కొనేటప్పుడు మన కళ్లు మాత్రం డిప్ప దగ్గరే ఆగిపోతాయి. రంగు బండికి నప్పిందా, బొమ్మ బాగుందా అని చూస్తాం. లోపలి థర్మాకోల్‌నీ, దాన్ని తలకు కట్టి ఉంచే గడ్డం పట్టీనీ పట్టించుకునేవారు తక్కువ. హెల్మెట్ గురించి మన ఊళ్లలో జరిగే చర్చ కూడా ఇలాగే డిప్ప దగ్గర ఆగిపోయిందని నా అభిప్రాయం. పెట్టుకున్నారా లేదా అన్నదొక్కటే అడుగుతున్నాం. పడ్డప్పుడు అది తలమీదే ఉంటుందా, ఉన్నా లోపలి థర్మాకోల్ పనిచేసే స్థితిలో ఉందా అన్న రెండు ప్రశ్నలూ ఎవరూ వేయడం లేదు.

థర్మాకోల్ ప్రాణం ఎలా నిలుపుతుందో తెలిస్తే తక్కినవన్నీ వాటంతటవే అర్థమవుతాయి. బండి మీద కూర్చున్నవారి తల నేలకు సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఉంటుంది. అంత ఎత్తు నుంచి పడిన వస్తువు నేలను తాకే వేళకు గంటకు 20 కిలోమీటర్లకు దగ్గరగా వేగం అందుకుంటుంది. బండి కదలకుండా నిలబడి ఉన్నా ఇదే లెక్క. ఆ వేగం సున్నా కావడానికి తలకు ఎంత దూరం దొరుకుతుందన్నదే ఇక్కడ కీలకం. పడిన ఎత్తును ఆగడానికి దొరికిన దూరంతో భాగిస్తే, భూమ్యాకర్షణకు సగటున ఎన్ని రెట్ల తాకిడి తగిలిందో ఇంచుమించుగా తెలుస్తుంది. వట్టి తల సిమెంటు రోడ్డుకు కొట్టుకుంటే చర్మమూ ఎముకా కలిసి ఇచ్చే వెసులుబాటు మూడు మిల్లీమీటర్లనుకుందాం. 1500ని మూడుతో భాగిస్తే 500 రెట్లు. మధ్యలో థర్మాకోల్ ఉండి 20 మిల్లీమీటర్లు నలిగితే 75 రెట్లు. ఐరోపా దేశాల ప్రమాణం ప్రకారం పరీక్షలో హెల్మెట్ లోపలి లోహపు తలకు ఏ క్షణంలోనూ 275 రెట్లు మించకూడదు. దీన్నిబట్టి ఆ 500కీ 75కీ ఉన్న దూరం ఎంతటిదో ఊహించుకోవచ్చు. కోడిగుడ్డు గచ్చు మీద పడి పగలడంలో, గడ్డివాము మీద పడి బతకడంలో ఉన్నదీ ఈ లెక్కే. అయితే గడ్డికీ థర్మాకోల్‌కీ ఒక తేడా ఉంది. థర్మాకోల్ నలగడమంటే దానిలోని సన్నని గాలిబుడగల గోడలు చితికిపోవడం. ఒకసారి చితికినవి మళ్లీ లేవవు. అది లోపం కాదు, తెలిసి చేసిన ఏర్పాటే. స్పాంజిలా వెంటనే పొంగేదైతే మింగిన దెబ్బను తిరిగి తలకే కక్కుతుంది.

ఇది ఒక్కరోజులో తేలిన సంగతి కాదు. 'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ 1935 మేలో ఇంగ్లండ్‌లోని డోర్సెట్‌లో మోటారు సైకిలు మీద వెళ్తూ, సైకిళ్ల మీదున్న ఇద్దరు కుర్రాళ్లను తప్పించబోయి పడ్డాడు. తలకు తగిలిన దెబ్బతో ఆరు రోజుల తర్వాత చనిపోయాడు. అతన్ని చూసిన వైద్యుల్లో ఒకరైన న్యూరోసర్జన్ హ్యూ కెయిర్న్స్ ఆ తర్వాత మోటారు సైకిలు ప్రమాదాల మీద పరిశోధనకు దిగి, 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో హెల్మెట్ అవసరాన్ని వివరిస్తూ వ్యాసం రాశారు. నలిగిపోయే పొర గురించిన ఆలోచన పేటెంటు రూపంలో వచ్చింది 1953లో, అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన లొంబార్డ్ బృందం నుంచి. అప్పటి నుంచి ఆ మూలసూత్రం మారలేదు. ఫలితాలూ దాన్ని బలపరుస్తూనే ఉన్నాయి. వివిధ దేశాల్లో జరిగిన 61 అధ్యయనాలను వడపోసిన 2008 నాటి కోక్రేన్ సమీక్ష, హెల్మెట్ వల్ల చనిపోయే అవకాశం సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే అవకాశం సుమారు 69 శాతం తగ్గుతాయని తేల్చింది.

మంచి అంకెలే. కానీ అవి సగటు. పట్టీ బిగించుకున్నవారూ వదిలేసినవారూ, నిండు హెల్మెట్ పెట్టుకున్నవారూ అరచిప్ప పెట్టుకున్నవారూ ఆ సగటులో కలిసిపోతారు. వారిని విడదీసి చూసిన అధ్యయనం తైవాన్‌లో జరిగింది, 2011లో వెలువడింది. స్కూటర్లతో కిక్కిరిసిన ఆ రోడ్లు మన రోడ్లకు ఏ అమెరికా కన్నా దగ్గరి పోలిక. పట్టీ గట్టిగా బిగించుకున్నవారితో పోలిస్తే వదులుగా పెట్టుకున్నవారిలో తలకు గాయమయ్యే ముప్పు దాదాపు రెట్టింపు ఉన్నట్టు, మెదడుకు గాయమయ్యే ముప్పు రెండున్నర రెట్లు ఉన్నట్టు అందులో తేలింది. ముఖమంతా కప్పే హెల్మెట్‌తో పోలిస్తే సగం తలను కప్పే రకంలోనూ తల గాయాల ముప్పు రెండున్నర రెట్లు. వీరంతా హెల్మెట్ ఉన్నవారే. కెమెరా ఫొటో తీస్తే ఎవరికీ చలానా రాదు.

చలానా మాట వచ్చింది కాబట్టి చట్టం సంగతీ చూడాలి. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ కింద ఉన్న వివరణ చదివితే ఆశ్చర్యమేస్తుంది. తలకు రక్షణ కవచం అంటే ఏమిటో చెబుతూ అది రెండు షరతులు పెట్టింది. ఆకారంలో, తయారీలో ప్రమాదం నుంచి కాపాడగలిగేదై ఉండాలి. దానికున్న పట్టీలతో తలకు గట్టిగా బిగించి ఉండాలి. అంటే పట్టీ వేలాడుతున్న హెల్మెట్ చట్టం దృష్టిలో హెల్మెట్టే కాదు. వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు అని చెప్పే 194-డి సెక్షన్ దానికీ వర్తించాలి. ఆచరణలో చూసేది వేరు. సిగ్నల్ పది గజాల్లో ఉందనగా మోచేతికి వేలాడుతున్న హెల్మెట్ తలమీదికి వస్తుంది, మలుపు తిరగ్గానే మళ్లీ మోచేతికి పోతుంది. ఎత్తున ఉన్న కెమెరాకు డిప్ప కనబడుతుంది గానీ గడ్డం కింద ఏముందో కనబడదు. దేశంలో 2022లో జరిగిన ప్రమాదాలపై కేంద్ర రవాణా శాఖ ఇచ్చిన నివేదికలో హెల్మెట్ లేక చనిపోయినవారు 50,029 మంది అని ఉంది. ఆ ఏడాది రోడ్డు ప్రమాదాల మొత్తం మృతులు 1,68,491 మంది. హెల్మెట్ ఉండీ పట్టీ లేక పోయినవారు ఎందరో చెప్పే పట్టిక మాత్రం అందులో లేదు. మనం దేన్ని లెక్కపెడతామో దానికే భయపడతాం. పట్టీని ఎవరూ లెక్కపెట్టడం లేదు.

అయితే పట్టీ ఒక్కటే కాదు, దానికన్నా ముందు కొలత కుదరాలి. తొమ్మిదో నంబరు చెప్పు కావలసినవాడు పదో నంబరు కొనడు. హెల్మెట్ దగ్గరికి వచ్చేసరికి ఇంటిల్లిపాదికీ ఒకటే సరిపోతుందనుకుంటాం. దర్జీ టేపు తీసుకుని కనుబొమలకు అంగుళం పైన మొదలుపెట్టి, చెవుల మీదుగా, వెనక తల బాగా ఉబ్బిన చోటు మీదుగా చుట్టి కొలవాలి. మన మార్కెట్లో సాధారణంగా 58 సెంటీమీటర్లంటే మీడియం, 60 అంటే లార్జ్. కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది కాబట్టి అంకె చూసి ఊరుకోకుండా పెట్టి చూడటం తప్పదు. పెట్టుకోగానే హాయిగా ఉందంటే అది పెద్దదైందని అనుమానించాలి. సరైన హెల్మెట్ కొత్తలో కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. చెంపలు లోపలికి నొక్కుకుని, మాట్లాడుతుంటే బుగ్గ పంటికి తగులుతున్నట్టుంటుంది. హెల్మెట్‌ను రెండు చేతులతో పట్టి పక్కలకు తిప్పితే నుదుటి చర్మం దాంతోపాటే కదలాలి. అది చర్మం మీద జారుతూ తిరిగితే ఆ సైజు మీది కాదు. షాపులోనే పావుగంట అలా ఉంచుకోమంటే కొట్టువాడు విచిత్రంగా చూస్తాడు, చూడనివ్వండి. తీశాక నుదుటి మీద ఒక్కచోటే ఎర్రగా కమిలి నొప్పిగా ఉంటే సైజు కాదు, ఆకారం కుదరలేదని అర్థం. కొందరి తల గుండ్రం, కొందరిది కోల. అప్పుడు ఒక సైజు పెద్దది తీసుకుంటే నొప్పి పోతుంది గానీ రక్షణా పోతుంది. కంపెనీ మార్చి చూడటమే మార్గం. లోపలి మెత్త కొన్ని వారాల్లో కొంత అణుగుతుంది కాబట్టి మొదటి రోజే వదులుగా ఉన్నది నెల తిరిగేసరికి తలమీద గిలకలా ఊగుతుంది.

చివరి పరీక్ష ముఖ్యమైనది, దీన్ని షాపులో చేసేవారిని వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. పట్టీ బిగించుకుని, రెండు చేతులూ వెనక్కి పెట్టి, మెడ దగ్గరి అంచును పట్టుకుని హెల్మెట్‌ను పైకీ ముందుకీ గట్టిగా తోయాలి. కళ్లమీదికి దొర్లి ఊడివచ్చేటట్టుంటే రోడ్డు మీదా అలాగే ఊడుతుంది. పట్టీ గడ్డం కొసకు కాదు, దవడ కింద గొంతు వైపుకు ఉండాలి. కిందినుంచి ఒకటి రెండు వేళ్లు మాత్రమే దూరాలి. నోరు పెద్దగా తెరిస్తే హెల్మెట్ కిందికి లాగినట్టనిపించాలి. టక్కుమని పడే పళ్ల బకిల్ ఉన్నవాటిలో ఒక మోసం ఉంది. ఒక్క పన్ను మీద పడ్డా టక్కుమంటుంది కాబట్టి బిగిసిందనుకుంటాం. పట్టీ పొడవును ముందుగా సరిచేసుకోకపోతే ఆ శబ్దానికి అర్థం లేదు. రెండు ఇనుప రింగుల రకంలో పట్టీని రెండింటి గుండా తీసి, మళ్లీ ఒకదాని గుండా వెనక్కి లాగాలి. ఇది కాస్త చేతిపని, కానీ ఏ పూటకాపూట తలకు సరిగ్గా బిగుస్తుంది. కొలత కూడా ఎప్పుడూ ఒక్కలా ఉండదు. తిరుమలలో తలనీలాలిచ్చి వచ్చినవారికి నిన్నటిదాకా బిగుతుగా ఉన్న హెల్మెట్ ఇవాళ వదులు. ఒత్తు జుట్టు పెంచినవారికి దీనికి విరుద్ధం. ఎత్తుగా కొప్పు చుట్టి, దానిమీద హెల్మెట్ పెడితే అది నడినెత్తిన నిలబడిపోయి నుదురంతా బయటే ఉంటుంది. జడను మెడ దగ్గర కిందికి వేసుకుంటే ఈ పేచీ ఉండదు. హెల్మెట్ కింద తువ్వాలు మడతలుగా చుట్టుకోవడమూ అలాంటిదే. తువ్వాలు జారితే దాంతోపాటే హెల్మెట్టూ జారుతుంది. పల్చటి నూలు టోపీ అయితే ఫర్వాలేదు.

కొన్నాక పాడుచేసుకునే మార్గాలూ మనకు చాలానే ఉన్నాయి. పెట్రోలు చుక్క థర్మాకోల్ మీద పడితే ఏమవుతుందో తెలుసా? వేడి అన్నంలో నెయ్యిలా కరిగి గుంట పడుతుంది. అలాంటిది హెల్మెట్‌ను ట్యాంకు మీద బోర్లించి బంకులో పెట్రోలు పోయిస్తాం. వైజరు మరకలు పోవడానికి పెట్రోలులోనో థిన్నర్‌లోనో ముంచిన గుడ్డతో తుడుస్తాం. ఆ రసాయనాలు డిప్పలోని ప్లాస్టిక్‌ను కూడా పెళుసుగా చేస్తాయి, పగులు మాత్రం వెంటనే కనబడదు. స్ప్రే పెయింటు వేయించడమూ అంతే ప్రమాదం. గోరువెచ్చని నీళ్లు, కాస్త షాంపూ చాలు. బండి అద్దానికి తగిలించి వదిలేయడం ఇంకో అలవాటు. అద్దం కొస లోపలి పొరను ఒక్కచోటే రోజూ నొక్కుతూ గుంట చేస్తుంది. నెలకొకసారి మెత్తలు ఊడదీసి, వెలుతురులో థర్మాకోల్ అంతటా వేలితో తడిమి చూడాలి. గుంట, పగులు, డిప్ప నుంచి విడివడిన ఖాళీ ఉన్నాయేమో చూడాలి. పట్టీ డిప్పకు కలిసే చోట రివెట్టు కదులుతోందా, పట్టీ అంచున పోగులు లేస్తున్నాయా, బకిల్ మెల్లగా లాగితే విడిపోతోందా అన్నవి కూడా చూడాలి. ఖాళీ హెల్మెట్ చేయిజారి నేల మీద పడితే ఇక పనికిరాదని చాలామంది అంటారు. అది కాస్త అతిశయోక్తే. లోపల తల లేనప్పుడు థర్మాకోల్‌ను నలిపేంత బరువు ఉండదు. జాగ్రత్తగా చూసుకుని వాడుకోవచ్చు. తల లోపల ఉండగా తగిలిన దెబ్బ మాత్రం వేరు. డిప్ప మీద చిన్న గీత తప్ప ఏమీ లేకపోయినా లోపలి పొర తన పని అయిపోగొట్టుకుని ఉంటుంది. రెండోసారి అక్కడే తగిలితే నలగడానికి అందులో ఏమీ మిగలదు. ఐదేళ్లకోసారి మార్చమని అమెరికాలోని స్నెల్ సంస్థ చేసే సిఫార్సును అమ్మకాల ఎత్తుగడ అని కొట్టిపారేసేవారున్నారు. థర్మాకోల్ ఐదేళ్లలో కుళ్లిపోదన్న మాట నిజమే. కానీ చెమటకూ నూనెకూ మెత్తలు చదునై, జిగురు వదిలి, పట్టీ నలిగి, మొదట కుదిరిన కొలత ఆపాటికి కుదరకుండా పోతుంది. గడువు పొరది కాదు, బిగుతుది.

నకిలీల సంగతి తెలిసిందే. ద్విచక్ర వాహనాల హెల్మెట్లకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 4151. దానికి తగ్గ ఐఎస్ఐ ముద్ర లేని హెల్మెట్‌ను తయారు చేయడం, అమ్మడం 2021 జూన్ 1 నుంచి నిషిద్ధం. ఐఎస్ఐ అన్న మూడక్షరాలు స్టిక్కరు మీద అచ్చేయడానికి పావలా ఖర్చు కాదు కాబట్టి ఆ గుర్తు ఒక్కటే చూస్తే చాలదు. గుర్తు పైన 4151 అన్న సంఖ్య, కింద సీఎం/ఎల్ అక్షరాలతో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు పేరు వస్తుంది. పై సంఖ్య చూడమనడానికి ఒక కారణముంది. భవన నిర్మాణ పనివారి పసుపు హెల్మెట్‌కూ అసలైన ఐఎస్ఐ ముద్రే ఉంటుంది, కాకపోతే దాని సంఖ్య 2925. అది పైనుంచి ఇటుక పడితే కాపాడటానికి చేసింది. బండి మీంచి పక్కకు ఒరిగి పడే తలకు దానితో పనిలేదు. అయినా దాన్ని పెట్టుకుని పనికి బండి మీద వెళ్లేవారు మన రోడ్ల మీద రోజూ కనబడతారు.

హెల్మెట్ వద్దనేవారి వాదనల్లో కొన్ని నిజాయితీ గలవి, వాటిని ఎగతాళి చేసి లాభం లేదు. మేలో విజయవాడలోనో రామగుండంలోనో మిట్టమధ్యాహ్నం నిండు హెల్మెట్ పెట్టుకోవడం శిక్షే. గాలి రంధ్రాలున్నది, లేత రంగుది ఎంచుకోవడం, లోపలి గుడ్డ వారానికోసారి ఉతకడం వంటివి బాధను తగ్గిస్తాయి గానీ పోగొట్టవు. ఉక్కకు భయపడి అరచిప్పకు మారితే ఏం పోతుందో జర్మనీ పరిశోధకుడు డీట్మర్ ఓటె పాత ప్రమాదాల హెల్మెట్లను పరిశీలించి చూపారు. దెబ్బల్లో దాదాపు మూడో వంతు గడ్డం చుట్టుపక్కలే తగిలాయి. హారన్ వినబడదు, పక్కలు కనబడవు అన్న వాదనకు జవాబు 1981లోనే వచ్చింది. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్లి పరిశీలించిన హ్యారీ హర్ట్ బృందం, హెల్మెట్ వల్ల వినికిడిగానీ చూపుగానీ తగ్గి జరిగిన ప్రమాదం ఒక్కటీ కనబడలేదని రాసింది. హెల్మెట్ హారన్‌ను ఎంత తగ్గిస్తుందో గాలి హోరునూ ఇంజను మోతనూ అంతే తగ్గిస్తుంది. వాటి మధ్య తేడా అలాగే ఉంటుంది. మెడ విరుగుతుందన్న భయం వైద్యుల్లోనే కొందరికి ఉండేది. అమెరికాలో 40 వేలకు పైగా ప్రమాద కేసులను చూసిన జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు 2011లో దీనికి విరుద్ధమైన ఫలితం ప్రకటించారు. హెల్మెట్ ఉన్నవారిలో మెడ వెన్నుపూసల గాయాల అవకాశం 22 శాతం తక్కువగా ఉంది. ఇక 'పక్క వీధికే కదా' అన్నదానికి జవాబు పైన చెప్పిన లెక్కలోనే ఉంది. పక్క వీధిలోనైనా తల ఎత్తు ఒకటిన్నర మీటర్లే.

కాస్త బరువున్న వాదన ఇంకొకటుంది. రోడ్డు మీద గుంతలు పూడ్చరు, రాంగ్ రూటులో వచ్చే లారీని ఆపరు, మా నెత్తిన హెల్మెట్ పెట్టి చేతులు దులుపుకుంటారు అని. ఈ కోపంలో న్యాయం ఉంది. ప్రమాదం జరగకుండా చూసే శక్తి హెల్మెట్‌కు లేదు, జరిగాక తల ఒక్కదాన్ని మాత్రమే చూసుకుంటుంది. దాని శక్తికీ హద్దుంది. ఐరోపా పరీక్షలో హెల్మెట్‌ను దిమ్మె మీద పడేసే సాధారణ వేగం సెకనుకు 7.5 మీటర్లు, అంటే గంటకు 27 కిలోమీటర్లు. 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నవాడు జారి పడ్డా తల నేలను గుద్దేది ఒకటిన్నర మీటర్ల ఎత్తు ఇచ్చిన వేగంతోనే. ముందుకు పోయే వేగం రోడ్డు మీద జారుతూ కరుగుతుంది. అందుకే పెద్ద వేగాల్లోనూ హెల్మెట్ ఎన్నోసార్లు కాపాడుతుంది. నటుడు సాయిధరమ్ తేజ్ 2021 సెప్టెంబర్‌లో హైదరాబాద్ కేబుల్ బ్రిడ్జి దగ్గర స్పోర్ట్స్ బైక్ జారి పడి, రోజుల తరబడి స్పృహ లేకుండా ఉండి కోలుకున్నారు. హెల్మెట్ వల్లే బతికానని సినిమా వేడుకల్లో ఆయనే చెబుతుంటారు. కానీ అదే వేగంతో నేరుగా విద్యుత్ స్తంభాన్నో ఆగి ఉన్న ట్రాక్టరు ట్రాలీనో గుద్దితే జారడానికి చోటుండదు, అంగుళం థర్మాకోల్ చాలదు. గుంతకు గుత్తేదారును నిలదీయాల్సిందే. నిలదీసే తల మిగలడం కోసం పట్టీ బిగించుకోవడానికీ దానికీ పేచీ లేదు.

వెనక కూర్చున్నవారి మాట ఎప్పుడూ ఆఖరికే వస్తుంది. ముందు చెప్పిన 50,029 మందిలో 14,337 మంది బండి నడిపినవారు కాదు. పక్కకు తిరిగి, ఒడిలో బిడ్డతో, ఒక చేత్తో చీర కుచ్చిళ్లు పట్టుకుని కూర్చున్న మనిషికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. గతుకు వస్తోందని ముందుగా తెలిసేదీ ఆమెకు కాదు. విశాఖపట్నంలో 2024 సెప్టెంబర్ 1 నుంచి వెనక కూర్చున్నవారికీ హెల్మెట్ తప్పనిసరి చేసినప్పుడు చాలామంది విసుక్కున్నారు. ఇంట్లో అదనంగా ఉన్న పాత హెల్మెట్ ఏదో ఒకటి వారి తలకు పెట్టి సరిపెట్టినవారూ ఉన్నారు. భర్త సైజు హెల్మెట్ భార్య తలమీద గంగాళమే. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు తలకు సరిపోయే హెల్మెట్, నడిపేవారికి కట్టి ఉంచే బెల్టు, గంటకు 40 కిలోమీటర్లు మించని వేగం ఉండాలని 2022 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధన తెచ్చింది, అది ఏడాది తర్వాత అమల్లోకి వచ్చింది. బడి దగ్గర పొద్దున ఎనిమిదింటికి నిలబడి చూస్తే ఆ నిబంధన పాటిస్తున్నవారు ఎందరో తెలుస్తుంది.

ప్రమాదం జరిగాక గుంపు చేసే మొదటి పొరపాటు కూడా హెల్మెట్‌తోనే. ఒకరు దాన్ని గుంజి పారేస్తారు, ఇంకొకరు తల ఎత్తి నీళ్లు తాగించబోతారు. మెడ ఎముక విరిగి ఉంటే ఆ గుంజడంతో వెన్నుపాము దెబ్బతినవచ్చు. మనిషి ఊపిరి తీసుకుంటూ ఉంటే వైజరు ఎత్తి, తలా మెడా కదలకుండా రెండు వైపులా చేతులతో పట్టి ఉంచి, 108కి ఫోన్ చేసి ఆగడం మేలు. ఊపిరి అందకపోతేనే, వాంతి అడ్డుపడితేనే తీయాలి. అప్పుడూ ఇద్దరు కావాలి. ఒకరు కిందినుంచి మెడనూ దవడనూ కదలకుండా పట్టుకుంటే, రెండోవారు పట్టీ కత్తిరించి, పక్కలను బయటికి లాగి పట్టి నెమ్మదిగా తీయాలి. సాయం చేసినవారిని సాక్షుల పేరుతో వేధించకుండా చట్టంలో 134-ఏ సెక్షన్ చేరింది కాబట్టి ఆ భయంతో ఆగిపోనక్కర్లేదు.

అలా ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్‌ను, వయసు మళ్లినదాన్ని పాత సామాన్లవాడికి వేయడం మన అలవాటు. అతను తుడిచి, మెత్త మార్చి, సంతలో నూట యాభైకి అమ్ముతాడు. కొన్నవాడి దగ్గర కెమెరాకు చూపించడానికి డిప్ప ఉంటుంది. బయట పారేసే ముందు గడ్డం పట్టీని కత్తెరతో మొదలంటా కోసేయండి. కోశాక అది ఎవరి తలకూ చేరదు. పెరటి గోడ మీద పుదీనా వేసుకోవడానికి మాత్రం భేషుగ్గా పనికొస్తుంది, అడుగున నీళ్లు పోవడానికి గాలి రంధ్రాలు ముందే ఉంటాయి.